సున్నాల మొగిలయ్య

నాచారంలో రీఫిళ్ల ఫ్యాక్టరీలో మొగిలయ్య పని ఒక్కటే. తయారైన బాల్‌పెన్ రీఫిల్ తీసుకుని, కాగితం మీద సున్నాలు చుట్టి, సిరా సరిగ్గా దిగుతుందో లేదో చూడటం. ఇరవై రెండేళ్లు అదే పని. అందుకే వాడకట్టులో అందరికీ ఆయన 'సున్నాల మొగిలయ్య'. బతుకంతా సున్నా చుట్టాడని పక్కింటి ఉప్పలయ్య పరాచికమాడితే పైకి నవ్వేవాడు గానీ, లోపల చురుక్కుమనేది. చురుక్కుమనదా మరి?

అలాంటి మొగిలయ్య 2008 ఎండాకాలంలో ఒకరోజు, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. బోనులో సాక్ష్యం చెబుతున్నది ఆయన బిడ్డ పద్మశ్రీ. అనుమానమున్న కాగితాలను మైక్రోస్కోపు కింద పెట్టి నిజం తేల్చే ఉద్యోగం ఆమెది, ఉప్పల్ దగ్గరి ల్యాబ్‌లో.

తేలాల్సింది ఒక్క అంకె. మేడిపల్లిలో ఒక బడిలో ఆయాగా పనిచేసే వెంకటనర్సమ్మ పుట్టిన సంవత్సరం రిజిస్టరులో 1956 అని ఉంది. అసలది 1950 అనీ, రిటైర్మెంటు వెనక్కి జరగాలని ఆమే సున్నాకు తోక తగిలించి ఆరు చేసిందనీ బడివాళ్లు ఆమెను ఇంటికి పంపారు. ఉద్యోగం పోయిన బాధ ఒకెత్తు, దొంగ అన్న మాట ఒకెత్తు. ముందు వరుసలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పద్మశ్రీ ఆ అంకెను చేటంత చేసిన ఫోటో చూపించింది.

"సార్, ఈ పెన్ను బాల్ మీద గీత పడ్డది. అందుకే సిరా నడుమ వెంట్రుకంత తెల్లగీత వస్తున్నది. అది తోక మొదలు నుంచి సున్నా చివర దాకా ఎక్కడా తెగలేదు. తోక తర్వాత తగిలిస్తే అతుకు దగ్గర తెగేది, సిరా మీద సిరా పడేది. ఇంకోటి, కింద మలుపు తిరగంగనే పెన్ను కక్కిన ఈ సిరా బొట్టు చూడండి. పెన్ను ఎటు నుంచి ఎటు పోయిందో అదే చెప్తది. పై నుంచి ఒక్క ఊపులో రాసిన ఆరు ఇది."

మొగిలయ్యకు ఒళ్లు ఝల్లుమంది. "మలుపు తిరిగినంక బాల్‌పెన్ను జర కక్కుతది బిడ్డా" అని, రెండో తరగతి చదివే పిల్లకు తన వేళ్లకంటిన సిరా చూపిస్తూ చెప్పింది ఆయనే.

బడి తరఫు వకీలు రామచంద్రరావు లేచాడు. "పెన్ను సిరా కక్కుతుందని ఏ పుస్తకంలో చదివారమ్మా?"

"పుస్తకాల్లో తర్వాత చదివిన సార్. ముందు మా నాయన దగ్గర నేర్చుకున్న. ఇరవై రెండేండ్లు రీఫిళ్లు పరీక్ష చేసిండు, లక్షల సున్నాలు చుట్టిండు. అగో, వెనక బెంచీ మీద కూసున్నడు."

కోర్టు కోర్టంతా వెనక్కి తిరిగింది. జడ్జిగారు కూడా కళ్లద్దాలు సవరించుకుని చూశారు. మొగిలయ్య లేవాలో కూర్చోవాలో తెలియక, సగం లేచి దండం పెట్టాడు.

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది. ఆరు ఆరే. వెంకటనర్సమ్మ మళ్లీ బడికి పోయింది. పోయే ముందు మిఠాయి పొట్లంతో నాచారం వచ్చి, దాన్ని పద్మశ్రీకి ఇవ్వకుండా మొగిలయ్య చేతిలో పెట్టింది.

ఉప్పలయ్య తన గడపలోంచే అడిగాడు. "ఏంది సున్నాల మొగిలయ్యా, మిఠాయిలు మస్తుగొస్తున్నయ్?"

ఈసారి మొగిలయ్యకు చురుక్కుమనలేదు. పొట్లం విప్పి ఒక లడ్డు ఆయన చేతికిచ్చాడు.

"చుట్టినవన్ని సున్నాలే ఉప్పలన్నా, కాదంటలేను. గాని ఇప్పుడు వాటి ముందట నా బిడ్డ ఒకటై నిలవడ్డది. లెక్క జేసుకో."