కోయని ఊపిరి

ముందుగా ఒక ఊపిరి వినిపించింది.

మాటకు ముందుండే చిన్నపాటి గాలి అది. చన్నీళ్ళలోకి దిగబోయే మనిషి పాదం ఆనించి చూసుకున్నట్టు, పలకబోయే గొంతు ఒక్కసారి తనను తాను తడుముకున్న చప్పుడు. దాని వెనకే మాట వచ్చింది.

"ఒక్క క్షణం ఆగండి. మీ దగ్గరికే వస్తున్నాం."

ఫోను చెవికి ఆనించుకున్న రికార్డిస్టు కుర్చీలో అలాగే బిగుసుకుపోయాడు. ఎదురుగా బల్ల మీద ఒక కాగితం, కాగితం మీద రెండు బ్రోకరు కంపెనీల పేర్లు, పేర్ల కింద అడగవలసిన ప్రశ్నలు. కిటికీ ఊచల నీడలు వాటిమీదుగా వాలి ఉన్నాయి. ఒక్క ప్రశ్నా గుర్తు రాలేదు. ఫోనులో సంగీతం కాసేపు మోగి ఆగింది. మళ్ళీ అదే ఊపిరి, అదే మాట.

ఆ గొంతు అతని భార్యది. ఆమె పోయాక ఇది రెండో వేసవి.

డబ్బింగు స్టూడియోలో ఆమె గాజు అవతల మైకు ముందు కూర్చునేది. అతను గాజు ఇవతల మీటల ముందు కూర్చునేవాడు. పెళ్ళికి ముందూ అంతే, పెళ్ళి తర్వాతా అంతే. సబ్బుల ప్రకటనలు, ప్రయాణికులకు సూచనలు, ఆఫీసు ఫోన్లలో పలికే మర్యాదలు ఆమె చదివేది. అతను కోసేవాడు. కోయడమంటే ఊపిరులు కోయడం. మాటకూ మాటకూ మధ్య మనిషి పీల్చే గాలి వినేవారికి అడ్డమని, తెర మీద అలలుగా కనిపించే గొంతులోంచి ఆ చిన్న చిన్న బుడిపెలను వెతికి వెతికి కత్తిరించేవాడు. ఆ పనిలో అందెవేసిన చెయ్యి అతనిది.

"నా ఊపిరి తీసేది మీరేనండీ, ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను," అని ఆమె గాజు అవతలినుంచి వేళాకోళమాడేది.

ఒక కంటి ఆసుపత్రి ఫోను కోసం ఈ రెండు వాక్యాలూ చదివిన రోజున మాత్రం ఆమె పట్టుబట్టింది. "ఈ ఒక్కటీ ఉండనివ్వండి. కళ్ళకు కట్టు కట్టుకుని ఫోను చేసేవాళ్ళుంటారు. అవతల ఉన్నది మనిషేనని వాళ్ళకు తెలియద్దూ?"

అతను ఉండనిచ్చాడు. అన్నేళ్ళ పనిలో అతను కోయకుండా వదిలినది ఆ ఒక్క ఊపిరే.

పని అప్పగించాక మూలప్రతిని చెరిపేయడం స్టూడియో పద్ధతి. ఇంట్లోనైనా ఆమె గొంతు పట్టి దాచుకుందామంటే పట్టనిచ్చేది కాదు. "ఇక్కడ కూడా మైకేనా? ఇంట్లోనైనా నన్ను ఊరికే మాట్లాడనివ్వండి," అనేది. ఊరికే మాట్లాడింది. ఊరికే వెళ్ళిపోయింది. తర్వాత వెతుక్కుంటే ఇంటినిండా ఆమె బట్టలున్నాయి, చెప్పులున్నాయి, డబ్బాల మీద అంటించిన చేతిరాత ఉంది. గొంతు మాత్రం లేదు. ఆమెను పేరు పెట్టి పలికేవారూ లేకపోయారు. బావమరిది "అక్క" అనేవాడు. రికార్డిస్టు "మీ అక్క" అనేవాడు. అతను ఆమెను పిలుచుకున్న ముద్దుపేరు ఒకటుంది. అది పైకి వస్తే దాని వెనకాల ఏమేం వస్తాయోనన్న భయంతో నోట్లోనే ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఆ గొంతు, ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఎవరు ఎవరికి అమ్ముకున్నారో, ఒక బ్రోకరు కంపెనీ ఫోనులో కూర్చుని ఉంది.

యంత్రాలే మనుషుల్లా మాట్లాడటం నేర్చుకున్నాక స్టూడియో మూతపడింది. మూసేటప్పుడు చేతికొచ్చిన మొత్తమే అతని ముందున్న ముసలితనమంతటికీ ఆధారం. ఊరికే కూర్చోలేక ఫారెక్సు అనే విదేశీ కరెన్సీల వ్యాపారం సంగతి ఫోనులో చూశాడు. ఒక దేశపు డబ్బును ఇంకో దేశపు డబ్బుతో తూచినప్పుడు ఎక్కుతూ దిగుతూ సాగే ఆ గీత అతనికి అచ్చం గొంతు అలలాగే కనిపించింది. బతుకంతా అలలు చదివినవాణ్ణి, ఇది చదవలేనా అనుకున్నాడు.

బావమరిది డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకుండే కారు అతనిది. ఆ అలవాటు కొద్దీ కుర్చీలో ఉన్నా, మంచం మీద ఉన్నా, ప్రమాదం తోచగానే అతని కుడికాలు నేలను తొక్కుతుంది.

"గీతలు చదవడం తర్వాత సంగతి బావా. ముందు నీ డబ్బు ఎవడి చేతిలో పెడుతున్నావో అది చూసుకో," అన్నాడు అతను. "బ్రోకరుకి లైసెన్సుందో లేదో వాడి సైటులో చూడకు, అక్కడ వాడి ఇష్టం. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ సైటులో చూడు. పేరు కలవాలి, నంబరు కలవాలి, చిరునామా కలవాలి. అన్నీ కలిశాక కొంచెం వేసి, వెంటనే వెనక్కి తీసి చూడు. వేసేటప్పుడు అందరూ మన చుట్టాలే. తీసేటప్పుడే తెలుస్తుంది ఎవడేమిటో."

"లాభం గ్యారంటీ అని ఎవరైనా అంటే?"

"ఫోను పెట్టెయ్. స్టీరింగు వదిలేసినా ఇంటికి చేరుస్తానన్నవాడి కారెక్కుతావా? నా వైపు కూడా బ్రేకుంది, గుర్తుపెట్టుకో. నన్నడక్కుండా గేరు మార్చకు."

వెతగ్గా వెతగ్గా రెండు కంపెనీలు మిగిలాయి. మొదటిదానికి ఫోను చేస్తే జలుబుతో ముక్కు మూసుకుపోయిన మనిషొకడు ఎత్తాడు. "నష్టమొస్తే తట్టుకునే స్తోమతు ఉందా మీకు? లేకపోతే రాకండి. ముందు డెమో ఖాతాలో ఉత్తుత్తి డబ్బుతో నేర్చుకోండి," అని విసుక్కున్నాడు. లైసెన్సు నంబరు అడిగితే తుమ్ముతూ రెండుసార్లు చదివి వినిపించాడు.

రెండోదానికి ఫోను చేస్తే ఆమె ఎత్తింది.

ఆ వారమంతా అతను ఆ రెండో కంపెనీకే ఫోను చేశాడు. ఆమె మాట ఆగి, అసలు మనిషి పలకగానే పెట్టేసేవాడు. చివరికి ఒకరోజు ఆ అసలు మనిషి, "ఖాతా లేకుండా ఊరికే చేస్తుంటే మీ నంబరు బ్లాకులో పడిపోతుంది సార్," అంది.

అతను ఖాతా తెరిచాడు.

రికార్డిస్టు కదా, ఆ మాటను ఫోనులోంచి పట్టి దాచుకోలేక కాదు. అదీ చేశాడు. కంప్యూటరులో తెరిచి చూస్తే తెర మీద అల కదలకుండా పడుకుని ఉంది. దాని తలవైపు ఆ చిన్న బుడిపె. తను మీట నొక్కితే పలుకుతుంది, నొక్కకపోతే పలకదు. ముఖం మీదికి దుప్పటి లాగినట్టు దాన్ని మూసేశాడు. ఫోనులో అలా ఉండదు. ఎక్కడో మోగుతుంది. మోగినంతసేపూ గుండె కొట్టుకుంటుంది. అప్పుడు ఆమె ఎత్తుతుంది.

"లైసెన్సు చూశావా బావా?"

"చూశాను."

"కలిసిందా?"

"కలిసింది."

చూడలేదు. చూస్తే కలవదని లోలోపల తెలుసు.

"వేసి తీసి చూశావా?"

"ఆఁ, తీశాను."

తీయలేదు. తీస్తే ఖాతా మూసేస్తారేమోనని భయం. నెలనెలా మేనేజరునంటూ ఒకడు పలకరించి ఇంకొంత వేయమనేవాడు; అతను వేసేవాడు. తెర మీద లాభం పొంగుతున్న పాలలా పైపైకి వచ్చేది. అతను అటు చూసేవాడే కాదు.

వానలు మొదలయ్యాక ఇంటి పైకప్పు కారింది. మరమ్మతుకు కొంత వెనక్కి తీద్దామని బావమరిది పక్కన కూర్చుని మరీ అడిగించాడు. ముందు పన్ను కడితేనే మీ డబ్బు వదులుతామని జవాబొచ్చింది. బావమరిది కుడికాలు నేలను తొక్కింది. ప్రభుత్వ సంస్థ సైటు తెరిచాడు. వీళ్ళతో జాగ్రత్త అని ఆ సంస్థ పెట్టిన జాబితాలో కంపెనీ పేరు పెద్దగా వెతక్కుండానే దొరికింది.

"కలిసిందన్నావు!"

రికార్డిస్టు లేచి, కప్పు కారేచోట బక్కెట్టును సరిగ్గా జరిపాడు.

"మొదటిరోజు నేర్చుకునేవాడు కూడా ఇంతలా కళ్ళు మూసుకుని లారీకి ఎదురెళ్ళడు బావా. పద, ఫిర్యాదు ఇద్దాం. డబ్బు రాకపోతే రాకపోయింది, ఆ నంబరైనా మూయిస్తారు."

"వద్దు."

"ఏం, వాడేమైనా నీకు మేనమామా? నలుగురూ నవ్వుతారనా?"

"నవ్వితే నవ్వనీ. నంబరు మూయించకురా."

"ఎందుకని?"

అతను ఫోను తీసి, నంబరు నొక్కి, శబ్దం పెంచి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. మోగింది. మోగింది. తర్వాత ఊపిరి వినిపించింది, మాట వినిపించింది.

బావమరిది కాలు నేలను గట్టిగా అదిమి, అదిమినచోటే ఉండిపోయింది. ఎంత తొక్కినా ఆగనిదేదో ఎదురుగా వస్తున్నట్టు అతని పిక్క వణికింది. కప్పు నుంచి కారే నీటిచుక్కలు బక్కెట్లో పడుతున్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాడు చివరికి.

"ఎండాకాలం నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?" అతను ఫోనును తనవైపు లాక్కున్నాడు. "నేనూ వినేవాణ్ణిగా."

ఫిర్యాదు మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాటినుంచి పని ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకముందే, "ఓసారి చెయ్యి," అనేవాడు. ఇద్దరూ తలలు ఆనించుకుని వినేవారు. బ్రేకు వేయవలసిన మనిషి కూడా వచ్చి అదే కారెక్కి కూర్చున్నాడు.

కుట్టుపని చేసుకునే ఒకావిడ బావమరిది దగ్గర కారు నేర్చుకుంటోంది. కప్పు మీద పరిచే పట్టా కొనడానికని ఆ ఉదయం రికార్డిస్టు కూడా వెనకసీట్లో ఎక్కాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆమె అద్దంలోంచి అతన్ని పలకరించింది.

"అన్నయ్యగారూ, మీరు ఫారెక్సు చేస్తారటగా? నేనూ చేరుతున్నానండోయ్. ఇంకో రెండు మిషన్లు కొందామని దాచింది ఊరికే మూలుగుతోంది." ఏ కంపెనీయో కూడా చెప్పింది. అదే.

"ఏం చూసి ఎంచుకున్నారు?" అన్నాడు అతను.

"చూడ్డానికి నాకేం తెలుస్తుందండీ! ఫోను చేసి విన్నాను. అన్నిచోట్లా రేకుడబ్బా మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఇక్కడ మాత్రం ఓ అమ్మ ఉంది. మాట్లాడబోయేముందు ఇంతే ఇంత ఊపిరి పీలుస్తుంది చూడండీ, అచ్చం మా పిన్నే. అలాంటావిడ కూర్చున్నచోట మోసం జరుగుతుందా?"

పచ్చదీపం వెలిగింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. కారు కదల్లేదు.

కళ్ళకు కట్టు కట్టుకున్నవాళ్ళ కోసం ఆమె అడిగి ఉంచుకున్న ఊపిరి అది. దాన్నిప్పుడు ఎవరో గాలానికి గుచ్చారు. దారినపోయేవాళ్ళకు ఎర చూపిస్తున్నారు. ఇన్నాళ్ళూ తను చెవి ఆనించి మురిసిపోతున్నంతసేపూ, ఆమె చేత ఈ పని చేయిస్తూనే ఉన్నారు.

"చేరకండమ్మా," అన్నాడు.

"అదేమిటండీ, మీరున్నారుగా?"

"నేనున్నాను. ఆవిడ అక్కడ లేదు."

కుట్టుపనావిడ ఏమీ అర్థంకాక బావమరిది వైపు చూసింది. అతను అద్దంలో బావ కళ్ళనే చూస్తున్నాడు.

"బండి మెల్లగా పక్కకు తీయండి," అన్నాడు ఆమెతో. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "వెళ్దామా బావా?"

"పద."

ఫిర్యాదులు తీసుకునే గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. అతను చెప్పినవన్నీ అధికారిణి రాసుకుంది. కంపెనీ ఫోనులో ఏం వినిపిస్తుందో వినిపించమంటే, అతను దాచుకున్నదాన్ని తెరిచి వినిపించాడు.

"ఈ గొంతు వాళ్ళ మనిషిదేనా? ఈవిణ్ణి కూడా రాయాలా?"

"రాయాలమ్మా," అన్నాడు అతను. అంతవరకూ తలవంచుకుని ఉన్నవాడు తలెత్తాడు. "కానీ మోసపోయినవాళ్ళలో రాయండి. ఆవిడ చదివింది ఆసుపత్రికి. నా డబ్బు నా చేతులతో నేనే ఇచ్చాను. ఈ గొంతును మాత్రం వాళ్ళు దొంగిలించారు."

ఆమె కలం ఆపి అతన్నీ, పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డ బావమరిదినీ చూసింది. అతను చెప్పినట్టే రాసింది.

"డబ్బు సంగతి నేను మాట ఇవ్వలేనండీ. లైను మాత్రం ఈ సాయంత్రానికే ఆపిస్తాం."

"సాయంత్రానికేనా?"

"అంత ఆలస్యమా అంటారా?"

"లేదమ్మా. ఇంత తొందరగానా అని."

బయట వరండాలో చెక్కబెంచీ ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. వాన వెలిసింది, చూరు మాత్రం ఇంకా కారుతోంది. రికార్డిస్టు ఫోను తీసి నంబరు నొక్కాడు. మోగుతున్నంతసేపూ గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది. ఆమె ఎత్తింది.

"ఒక్క క్షణం ఆగండి. మీ దగ్గరికే వస్తున్నాం."

ఫోనును బావమరిది చెవికి ఆనించాడు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ఫోను తిరిగి బావ చేతిలో పెట్టి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి అతని కాలు ఏమీ తొక్కలేదు.

సంగీతం మోగి ఆగింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ అదే మాట, అంతే ఓపికగా, అంతే చల్లగా. ఒక్కసారైనా విసుక్కోదు. ఒక్కసారైనా గొంతు సవరించుకోదు. ఇన్నాళ్ళుగా పగలనక రాత్రనక ఆమెను అక్కడే నిలబెట్టారన్న సంగతి అతనికి ఆ క్షణంలో తోచింది. ఎంతమందికి చెప్పిందో. ఎంతసేపు చెప్పిందో.

అతను ఫోనును పెదవుల దగ్గరికి తెచ్చుకున్నాడు. మాటకు ముందు అతనికీ ఒక ఊపిరి కావలసివచ్చింది.

"ఇంక చాలు. ఎవరినీ ఆగమనక్కర్లేదు నువ్వు," అన్నాడు. "పడుకో, గువ్వా."