పక్కమ్మాయి అరచేతికి విభూది

ముగ్గుపిండితో గీసిన కబడ్డీ బరిలో ఎడమ మూలన నిలబడి ఉంది అంకమ్మ. ఎదురుజట్టు పిల్ల కూత పెట్టి వచ్చి ఎంతసేపైనా ఊపిరి తీసుకోదు, ఆ కూత వింటుంటే కోటప్పకొండ మెట్లమీద ఎవరో భజన చేస్తున్నట్టుంటుంది, చూస్తూండగానే బరి మెట్లుగా మారుతుంది, మెట్లు పొలంగట్టుగా సాగిపోతాయి, గట్టు చివర శేషారత్నం తడిజుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉంటుంది. వానాకాలంలో కామెర్లతో పోయిన శేషారత్నమే. బడిలో చదివే రోజుల నుంచీ ఆటలో అంకమ్మ కుడిచెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆమె పోయిందన్న సంగతి అంకమ్మకు గుర్తే ఉంది, అయినా అదేమీ వింతగా తోచదు.

"లోపలికి రావే," అంటుంది అంకమ్మ. "కూతకొచ్చినదాన్ని పట్టుకుంటే మనోళ్ళలో అవుటయినదొకతి తిరిగొస్తది గదా. నేను పట్టుకుంటా, నువ్వు రా."

శేషారత్నం నవ్వుతుంది. "అది బయట వరసలో కూర్చున్నోళ్ళకే. నేను ఆ వరసలో లేనుగా."

ఇన్నాళ్ళూ కొండ స్వామికి దీపం పెడుతూ అడగలేకపోయిన మాట అంకమ్మ ఇప్పుడు మెల్లగా అడుగుతుంది, ఇంతమంది ఉండగా స్వామి నిన్నే ఎందుకు పిలిచాడని. తనకూ తెలియదంటుంది శేషారత్నం, కనుక్కోవాలనే ఉందట గానీ అక్కడ ఎవరూ దేనికీ తొందరపడరట.

అప్పుడిక అంకమ్మ తన గోడు చెప్పుకుంటుంది. పొద్దున సెమీఫైనల్లో గెలుపు గోరంతలో తప్పిపోయేదే, శేషారత్నం చోట్లోకి వచ్చిన సుభాషిణి చెయ్యి తన చేతిలో నిలవక చేతుల గొలుసు తెగిపోయింది, సాయంత్రం ఫైనలు, ఆ చోట ఇంకో చెయ్యి పట్టుకోవడం తనవల్ల కావడం లేదు, మోకాలు నొప్పని మాస్టారితో అబద్ధం చెప్పి తప్పుకుంటానంటుంది. చెబుతూనే నడుమున ఉన్న విభూది పొట్లం విప్పి అరచేతిలో పోసుకుంటుంది. విభూది నిలవదు, నీళ్ళలా వేళ్ళసందుల్లోంచి గట్టుమీదకు కారిపోతుంది.

చెమటకు చెయ్యి జారకుండా కొండ విభూది రాసుకుని బరిలోకి దిగడం వాళ్ళ జట్టు అలవాటు. అయితే ఎవరి చేతికి వాళ్ళు రాసుకోరు, పక్కన నిలబడే మనిషే రాయాలి.

"ఎవరికి వాళ్ళు రాసుకుంటే ఆగుద్దటే?" అంటుంది శేషారత్నం. "ఆ పిల్ల చేతులకెవరు రాస్తన్నారు?"

అంకమ్మ తల దించుకుంటుంది. "దాని చెయ్యి ఊరికే జారిపోతందే."

"జారదా మరి? మొదట్లో నాదీ జారేది. కూతకొచ్చినది నన్ను గీతదాకా ఈడ్చుకుపోయిననాడు నీ మోకాలు చీరుకుపోయింది, గుర్తుందా? నొప్పని మర్నాటికి గానీ నీకు తెలవలా. ఆ రోజంతా నా చెయ్యే చూసుకుంటన్నావు." జుట్టు ముడివేసుకుని లేస్తుంది శేషారత్నం. "నన్నిప్పుడు ఎవరూ ఈడ్చుకెళ్ళరులే. దాన్ని చూసుకో."

ఎక్కడో దూరాన కూత ఆగిపోతుంది.

అంకమ్మ కళ్ళు తెరిచేసరికి ఆటగాళ్ళకు విడిదిగా ఇచ్చిన బడిగదిలో ఎండ కిటికీ దిగి చాపలమీదికి వచ్చింది. తలకింద సంచులు పెట్టుకుని పిల్లలంతా నిద్రపోతున్నారు. సుభాషిణి ఒక్కతే గోడకానుకుని కూర్చుని, అరచేతులు నిక్కరుకు తుడుచుకుంటోంది. నిక్కరుకు రెండుపక్కలా చెమట తడి మరకలు కట్టింది.

అంకమ్మ సంచిలోంచి పొట్లం తీసి ఆ పిల్ల పక్కకు జరిగింది. "చేతులు చాపు."

సుభాషిణి నమ్మలేనట్టు చూసి చాపింది. పోసిన విభూది పోసినచోటే ఆ తడికి అంటుకుంది. అంకమ్మ దాన్ని వేలివేలికీ రాసింది.

"మీకు నేను రాయనా, అక్కా?"

అంకమ్మ ఒక్కక్షణం తన మోకాలికేసి చూసుకుంది. తరవాత రెండు చేతులూ చాపింది.