సంతకం పెట్టని మనిషి

ఆ ఇంట్లో బావాబావమరుదులు, అంటే ఆమె భర్తా తమ్ముడూ, మాట్లాడుకుని ఇరవై రోజులైంది. పోట్లాటేం లేదు. ఎదురెదురుగా కూర్చుంటారు, తింటారు, "ఎండ బాగా కాస్తోంది" అని ఒకరంటే "అవునవును" అని ఇంకొకరంటారు. అంతే. ఒకప్పుడు వీళ్లిద్దరూ కలిస్తే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు. తమ్ముడైతే నోట్లో నువ్వుగింజ నానని రకం. వాడే మూగనోము పట్టేసరికి ఆమెకి కాలూ చెయ్యీ ఆడలేదు.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఏదైనా సరే ఆరా తియ్యందే తిన్నది అరగదు. అందుకే తమ్ముడు చిన్నప్పుడే 'ఆరా అక్క' అని పేరు పెట్టేశాడు.

విషయమంతా సంతకాల దగ్గర ఉంది. ఆమె భర్త యూనివర్సిటీ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. ఇదివరకు పిల్లల పరీక్షల కోసం ఏదో చేసేవాళ్లు, పరీక్షలయ్యాక పాత సామాన్లలో పడేసేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. వర్క్‌షాపు పక్కన ఒక కంపెనీ అద్దాల గది కట్టించింది. అందులో ప్రొఫెసర్ మేడమ్ అమ్మకానికి పనికొచ్చే మెషీన్ ఒకటి తయారుచేస్తోంది. "చదువులమ్మ ఇంట్లో దుకాణం తెరిచారే" అని మొదట్లో నవ్వాడు భర్త. తర్వాత ఆ గదిలో చూసింది బయట చెప్పనని సంతకం పెట్టి, నోరు కట్టేసుకున్నాడు. అదే నెలలో తమ్ముడు కూడా తన రబ్బరు ఫ్యాక్టరీలో అలాంటి కాగితం మీదే సంతకం పెట్టాడు.

భర్త ఆమెకి ఒక్క ముక్క మాత్రం చెప్పాడు. శుక్రవారం కంపెనీవాళ్లు వస్తారు. మెషీన్ గంటసేపు చుక్క కారకుండా తిరగాలి. కారిందా, ఆ గదితో పాటు వర్క్‌షాపుకీ తాళమే.

బుధవారం సాయంత్రం ఆమె బట్టలు నానబెడుతూ భర్త చొక్కా జేబు తడిమింది. రబ్బరు రింగు ఒకటి చేతికొచ్చింది. లావుగా ఉబ్బి ఉంది, మీద ఆకుపచ్చ చుక్క. ఆ చుక్కని ఎక్కడో చూశాననుకుని తమ్ముడి సంచి వెతికింది. అదే చుక్క, అదే రింగు, కాకపోతే సన్నగా. రెండూ తెచ్చి ఇద్దరి కంచాల మధ్యా పెట్టింది.

"ఇది మీ జేబులోది, అది వీడి సంచిలోది. ఒక్క కడుపున పుట్టినట్టున్నాయి. మీ దగ్గరికొచ్చింది మాత్రం ఇంత ఒళ్లెందుకు చేసిందండీ?"

తమ్ముడు నోరు తెరిచాడు. బావ దగ్గాడు. తమ్ముడు నోరు మూశాడు.

"బావా, మా సరుకు మూడుసార్లు తిప్పి పంపింది నువ్వేనా..."

"నువ్వేం అడగలేదు, నేనేం వినలేదురా!"

ఆమె ఉబ్బిన రింగు వాసన చూసింది. "నూనె. నా కుట్టుమిషన్లో బాబిన్‌కి దారం చుట్టే చక్రానికి ఇలాంటి రింగే ఉంటుంది. నూనె తగిలితే ఇలాగే ఉబ్బి వదులైపోతుంది."

"నూనెలో వేస్తారని ఎవరు చెప్పారక్కా! వేడికి తట్టుకోవాలన్నారు, కొలతలిచ్చారు. నూనెకైతే రబ్బరే వేరు..." తమ్ముడు నాలిక కరుచుకున్నాడు.

"రేపు నేనే వెళ్లి మేడమ్‌కి చెప్తా. సంతకాలు పెట్టింది మీరు, నేను కాదు."

"నా ఉద్యోగం ఊడగొడతావే!"

"శుక్రవారం ఎలాగూ ఊడేలా ఉందన్నారుగా."

మర్నాడు పొద్దున్నే ఆమె భర్తతో వెళ్లి మేడమ్ బల్ల మీద రెండు రింగులూ పెట్టింది. మర్చిపోయి జేబులో వేసుకెళ్లానని భర్త తల దించుకుని ఒప్పుకున్నాడు. మేడమ్ రింగుల్ని తిప్పి తిప్పి చూసింది.

"ఫ్యాక్టరీకి కొలతలే ఇచ్చాం. నూనె సంగతి రహస్యమని కంపెనీవాళ్లు అన్నారు, అందుకే చెప్పలేదు."

"పెళ్లికొడుకు ఎత్తు చెప్పి అలవాట్లు దాచినట్టుంది మేడమ్."

మేడమ్ పకపకా నవ్వి కంపెనీకి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి తమ్ముడు మొదటిసారి ఆ అద్దాల గదిలో అడుగుపెట్టాడు, ఇంకో సంతకం పెట్టాకే అనుకోండి. సాయంత్రానికల్లా అదే అచ్చులో వేరే రబ్బరు పోసి కొత్త రింగులు తెచ్చాడు.

శుక్రవారం ఆమె ఒక్క జాకెట్టు కుట్టింది. అదీ చేతులు తిరగేసి కుట్టింది.

చీకటి పడకముందే గుమ్మంలో గోల. "అక్కా, చుక్క కారలేదు! మా బావ మెషీన్ కింద కాగితం పరిచి గంటసేపు గుడ్లప్పగించి చూశాడు!"

"నీ ముఖం, నువ్వు ఊపిరి కూడా పీల్చలేదు కదరా!"

ఇల్లు మళ్లీ ఇల్లయింది. ఆమె మంచినీళ్లిచ్చి, ఇన్నాళ్లు దాచుకున్న ప్రశ్న అడిగింది. "ఇంతకీ ఆ మెషీన్ ఏం చేస్తుంది?"

టక్కున ఇద్దరూ పైకప్పు చూశారు.

"ఏమండీ?"

"సోమవారం నిన్నూ రమ్మంది మేడమ్. రింగులు చూసిపెట్టడానికి" అంటూ భర్త జేబులోంచి కాగితం తీశాడు. "లోపలికి రావాలంటే..."

ఆమె కాగితం అందుకుంది. సంతకం పెడితే అంతా తెలుస్తుంది, ఎవరికీ చెప్పకూడదు. పెట్టకపోతే ఎవరికైనా చెప్పొచ్చు, చెప్పడానికేం ఉండదు. కలం పక్కన పెట్టి, సూదిలో దారం ఎక్కించే కళ్లజోడు తగిలించుకుంది.

"ఇక్కడ 'సదరు యంత్రము' అని రాశారే, అంటే ఏ యంత్రం?"