నోటినిండా నీళ్లు

హొళగుంద నుంచి ఆదోనికి వచ్చే బస్సులో హనుమంతమ్మ మాట ఆగిందంటే టైరు పంక్చరైనా అయ్యుండాలి, ఆమెకు తుమ్మైనా వచ్చుండాలి. ఆ రోజు రెండూ జరగలేదు. కూతురు మల్లేశ్వరిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముందు సీటువాళ్లకు, వెనక సీటువాళ్లకు, టికెట్లు కొడుతున్న కండక్టరుకు ఒకే కథ వరసబెట్టి చెప్పింది. పిల్ల పుట్టగానే ఏడవలేదని, కాళ్లూ మాటా అందుకే సరిగా సాగలేదని, చేతులు మాత్రం బంగారమని, ఊళ్లో ఎవరు కొత్త చీర కొన్నా ఫాల్ కుట్టేది తన కూతురేనని.

"మా పాపకు గాలంటే శానా ఇష్టం. అందుకే కిటికీ కాడ కూర్సోబెట్టినా," అని కూడా చెప్పింది.

జుట్టంతా కళ్లలో పడి, మల్లేశ్వరి ఆ కిటికీ అద్దం మూయడానికి అప్పటికే రెండు మైళ్ల నుంచి తంటాలు పడుతోంది.

ఇరవై ఏళ్ల మల్లేశ్వరికి మాట రాదని కాదు. వస్తుంది, నిదానంగా వస్తుంది. ఒక్కో మాటకూ దవడ ఒక పక్కకు లాగుతుంది, మెడ నరం బిగుస్తుంది. ఆమె మొదటి మాట అనేలోపల తల్లి మిగతా వాక్యమంతా పూర్తిచేసి, దానికి జవాబు కూడా విని, పక్క సంగతిలోకి వెళ్లిపోతుంది. హనుమంతమ్మలో కపటమేమీ లేదు. పిల్ల కష్టపడుతుంటే చూడలేకపోతుంది, అంతే.

అయితే ఆ రోజు బస్సులో ఆమె చెప్పని సంగతి ఒకటుంది. పక్షం కిందట ఆదోని యువజన సంఘం నుంచి ఫోన్ వచ్చింది. యెమ్మిగనూరులో ఆరు నెలలు కుట్టుపని నేర్పుతారట. కాలితో తొక్కే పని లేకుండా చేత్తో నొక్కే మోటారు మిషన్లట. ఉండటానికి హాస్టలు కూడా ఉందట. మల్లేశ్వరి వస్తుందా అని అడిగారు. పిల్ల పక్కనే కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. హనుమంతమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, "మా పాపకు ఇష్టం ల్యాదప్పా, పోనంటాంది," అని చెప్పేసింది. అడగనే లేదు. అడిగితే ఏమంటుందో తెలుసు గనక అడగలేదు.

పేర్లు ఇవ్వడానికి ఈ సాయంత్రమే గడువు. సంఘం ఆదివారం సమావేశానికి రాకపోతే మళ్లీ ఫోన్ చేస్తారేమోనన్న భయంతోనే బయల్దేరింది. ఈ ఒక్క పూట గడిచిపోతే చాలనుకుంది హనుమంతమ్మ.

సంఘం కూడేది పత్తి మార్కెట్ యార్డు వెనక ఒక పాత గోడౌనులో. అది పత్తి వ్యాపారం చేసే శ్రీధర్ సెట్టిది. ఆయన కూతురు నవ్య ఈ సంఘంలోనే ఉంది గనక ఆదివారాలు తాళం చెవి ఇస్తాడు. దూలాలకు ఇంకా దూది వేలాడుతుంటుంది, వచ్చినవాళ్లు ముందు తుమ్ముతారు, తర్వాతే నమస్కారం చెబుతారు. ఆ రోజు పాతికమంది దాకా వచ్చారు. కొందరికి కళ్లు కనపడవు, కొందరికి కాళ్లు ఆడవు, కొందరికి అన్నీ బాగానే ఉన్నాయి గానీ నలుగురిలో నోరు పెగలదు.

అందరినీ నడిపించేవాడు రాజశేఖర్. ముప్పై ఏళ్ల వాడు, పుట్టుకతోనే చూపు లేదు. మెడలో ఈల, మొహం మీద ఎప్పుడూ ఆరని నవ్వు. గుడ్డ సంచిలో దూది కుక్కి, లోపల గజ్జెలు పెట్టి కుట్టిన బంతి ఒకటి చేతిలో ఉంది.

"కొత్తోళ్లు ఉండారు గదా, ముందు పరిచయాలు. బంతి ఎవరికి వస్తే వాళ్లు పేరు సెప్పల్ల, ఇష్టమైందొకటి సెప్పల్ల, ఇష్టం లేనిదొకటి సెప్పల్ల," అని గజ్జెల చప్పుడుతో బంతి విసిరాడు.

బంతి తిన్నగా వచ్చి మల్లేశ్వరి ఒళ్లో పడింది.

"మల్లేశ్వరి!" అంది హనుమంతమ్మ. "సజ్జ రొట్టె అంటే పాణం. సప్పుడు ఇష్టం ల్యాదు. నలుగురిలో కూర్సోను సిగ్గు పడతాది."

రాజశేఖర్ తల పక్కకు వంచాడు. "మల్లేశ్వరి గొంతు బలే గట్టిగా ఉండాదే! సిగ్గుపడే గొంతు మాదిరి ల్యాదే!"

గోడౌను గొల్లుమంది. హనుమంతమ్మ కూడా నవ్వింది, తన మీద జోకని తెలియక. తర్వాత బంతి చంక కర్రల మీద నడిచే బాలరాజుకు పోయింది. వెంటనే అతని మేనమామ గోవిందన్న లేచి నిలబడి, "మావానికి పెండ్లిండ్లంటే ఇష్టం," అని మొదలుపెట్టాడు.

రాజశేఖర్ ఈల ఊదాడు. "నవ్యా, నీళ్ల క్యాను తీస్కరా. గ్లాసులు కూడా."

వచ్చినవి దాహానికి కాదు. పిల్లలకు తోడుగా వచ్చిన పెద్దలందరూ తలా ఒక పుక్కెడు నీళ్లు నోట్లో పోసుకోవాలి. ఈల మళ్లీ మోగేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. మింగితే ఇంకో పుక్కెడు పోసుకోవాలి. అదీ ఆట.

"ఇదేమి ఆటప్పా? మేము వచ్చింది పిల్లోళ్లకు తోడుగా గదా?" అంది హనుమంతమ్మ.

"నోటికి తప్ప మిగతా అన్నిటికీ తోడుండత్తా," అన్నాడు రాజశేఖర్.

హనుమంతమ్మ నీళ్లు పోసుకుంది. ఒక నిమిషం ఓర్చుకుంది. అటు బాలరాజు ఏదో మొదలుపెట్టాడు, ఇటు ఆమె నాలుక మీద వంద మాటలు ఎదురుచూస్తున్నాయి. ఈల ఊదే పిల్లోడికి కళ్లు కనపడవు, ఇన్ని మొహాల్లో ఎవరు మింగిందీ వాడికేం తెలుస్తుందిలే అనుకుని మెల్లగా మింగింది.

"హనుమంతమ్మత్తా, గుటక ఇనపడింది. ఇంకో గ్లాసు."

ఆమె బిత్తరపోయింది. నవ్య సైగ చేసి ఉంటుందనుకుంది. కానీ నవ్య అటు తిరిగి ఉంది, సైగ చేసినా రాజశేఖర్‌కు కనపడదు కదా అన్నది కాస్త ఆలస్యంగా తట్టింది. రెండోసారి తెలివిగా దగ్గు తెచ్చుకుని, దగ్గు చాటున మింగింది.

"దగ్గు సాటున మింగితే నాకు తెలీదనుకుంటివా అత్తా? ముప్పై ఏండ్ల నుంచి సెవులతోనే సంసారం చేస్తాండాను."

మూడో గ్లాసు. ఇక నాలుగో గ్లాసు పోయించుకుంటే పొట్ట బిందె అయిపోతుందని హనుమంతమ్మ బుద్ధిగా బుగ్గలు పొంగించి కూర్చుంది. పక్కన గోవిందన్న బుగ్గలూ అలాగే ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, నవ్వొస్తే ప్రమాదమని చెరో పక్కకు తిరిగారు.

బాలరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు పెండ్లిండ్లు ఇష్టం ల్యాదు. మా మామతో పోతే ఇష్టం ల్యాదు. పందిట్లోకి రాంగానే 'జరగండి జరగండి, మావోడు వస్తాండాడు' అని కేకలేసి, తీస్కపోయి పెండ్లికొడుకు పక్కన కుర్చీలో కూర్సోబెడతాడు. మా ఊరి పెండ్లి ఆల్బాలన్నిట్లో నేనే ఉండా. కొన్నిట్లో పెండ్లికూతురి కంటే నా ఫోటోలే ఎక్కువ ఉండాయి. నాకు ఎనక కుర్చీల్లో దోస్తులతో కూర్సోని, వచ్చేపోయేటోళ్లను జూసి నవ్వుకోవల్లని ఉండాది. అది ఇష్టం."

గోవిందన్న నోట్లో నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. నవ్య తువ్వాలు తెచ్చి ఇస్తూ, "మా ఇంట్లో నా బదులు మాట్లాడేవాళ్లు ఆరుగురు. వాళ్లందరి నోళ్లూ నింపాలంటే ట్యాంకరే పిలిపించాలి," అంది. తన వంతు కూడా అందులోనే చెప్పేసింది.

బంతి మళ్లీ మల్లేశ్వరి దగ్గరికి వచ్చింది. గజ్జెలు ఆగాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ తొందరపెట్టలేదు కూడా. ఆ నిశ్శబ్దం మల్లేశ్వరికి కొత్త. తల్లి వైపు అలవాటుగా చూసింది. తల్లి రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

"మ...ల్లేశ్వరి," అంది. "నాకు... ఉగ్గాని బజ్జీ... ఇష్టం. రొట్టె... ఇష్టం ల్యాదు. రొట్టె... మాయమ్మకు... ఇష్టం."

హనుమంతమ్మ కూతురి వైపు గిరుక్కున తిరిగింది. పొయ్యి మీద నుంచి దిగిన మొదటి రొట్టె, పొంగిన రొట్టె, నెయ్యి రాసిన రొట్టె, ఇరవై ఏళ్ల నుంచి ఆ పిల్ల కంచంలోనే వేస్తోంది. తాను రెండోదీ మూడోదీ తిన్నది. ఒక్కసారైనా చెప్పలేదే అని కోపమొచ్చింది. చెప్పడానికి నువ్వెప్పుడు సందిచ్చావే అని మనసులో ఇంకో గొంతు అడిగింది. ఆ గొంతుకు నీళ్లు పోసి నోరు మూయించే వీలు లేకపోయింది.

చివరి ఆట పేరు 'నాకు కావాలి'. ఒక్కొక్కరు మధ్యలో కుర్చీలో కూర్చుని తమకేం కావాలో చెప్పాలి, దానికి ఏం సాయం కావాలో చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లు ప్రశ్నలు అడగొచ్చు గానీ సలహాలు ఇవ్వకూడదు. పెద్దల నోళ్లలో మళ్లీ నీళ్లు నిండాయి.

మల్లేశ్వరి గోడ పట్టుకుని, తర్వాత నవ్య భుజం పట్టుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"నాకు... యెమ్మిగనూరు... పోవల్ల. మిషన్... నేర్సుకోవల్ల. నవ్య... వాట్సాప్‌లో... పెట్టింది. అందరినీ... అడిగినారు. నన్ను... అడగల్యా."

రాజశేఖర్ మొహం మీది నవ్వు మొదటిసారి ఆరింది. "అడిగినాము మల్లేశ్వరీ. నేనే ఫోన్ చేసినా. నీకు ఇష్టం ల్యాదని సెప్పినారు."

"ఎవరు... సెప్పినారు?"

గొంతులన్నీ గుర్తుపట్టే మనిషి రాజశేఖర్. ఆ ఫోన్లో విన్న గొంతు ఎవరిదో అతనికి తెలియకుండా ఉంటుందా? ఈల వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

హనుమంతమ్మ అరచేత్తో నోరు మూసుకుంది. ఒక్క గుటక. ఒక్క గుటక మింగితే చాలు, ఎన్నైనా చెప్పొచ్చు. హాస్టల్లో మెట్లుంటాయని, స్నానాల గదిలో జారి పడితే ఎవరు లేపుతారని, జడ ఎవరు వేస్తారని, తన పిల్ల మాట తనకు తప్ప లోకంలో ఎవరికీ అర్థం కాదని. కానీ ఆ చివరి మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. ఈ గోడౌనులో పాతికమంది ఉన్నారు, ఇప్పటిదాకా పిల్ల అన్నది ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. అందరూ కాస్త ఆగారు, అంతే. ఆగడం అనే పని ఒకటుందని ఆమెకు ఈ ఇరవై ఏళ్లలో తట్టనే లేదు.

నీళ్లు నోట్లో ఉంచుకునే చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది. నేనే అన్నట్టు రెండుసార్లు తట్టుకుంది.

రాజశేఖర్ అలాగే కూర్చున్నాడు. ఆమె ఇంకా గట్టిగా తట్టుకుంది. అతను అప్పుడూ కదలలేదు. నేరం ఒప్పుకుంటుంటే వినిపించుకోడేమని హనుమంతమ్మకు ఒళ్లు మండింది.

"అన్నా," అంది నవ్య మెల్లగా, "హనుమంతమ్మత్త చెయ్యెత్తి తనను తానే చూపించుకుంటోంది."

"ఓహో, ఆ తట్టుడు అదా! బయట ఎవరో పత్తి బేళ్లు దింపుతాండారేమో అనుకుంటి," అన్నాడు రాజశేఖర్.

అందరూ నవ్వారు. మల్లేశ్వరి నవ్వలేదు. తల్లినే చూస్తోంది. హనుమంతమ్మకు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. నోటి నీళ్లకు ఆటలో నియమముంది గానీ కంటి నీళ్లకు ఎవరూ నియమం పెట్టలేదు. అవి ఉబ్బిన బుగ్గల మీదుగా దిగి గడ్డం నుంచి కారాయి.

"సరే, ఏమి సాయం కావల్ల నీకు?" అని రాజశేఖర్ మల్లేశ్వరిని అడిగాడు.

మల్లేశ్వరి చాలాసేపు తీసుకుంది. దవడ లాగింది, మెడ నరం బిగిసింది. "మెట్లకు... పట్టుకొను... కమ్మీ కావల్ల. స్నానానికి... పీట కావల్ల. జడ... నేనే ఏసుకుంటా... వంకరైనా. మాయమ్మ..." అని ఆగింది.

హనుమంతమ్మ ముందుకు వంగింది.

"మాయమ్మ... ఆదివారం... రావల్ల. వచ్చేటప్పుడు... బజ్జీ తేవల్ల. సూసేకి... రావల్ల. మాట్లాడేకి... కాదు."

హనుమంతమ్మకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోవడం ఆమె తరం కాలేదు. పుక్కెడు నీళ్లూ గోవిందన్న తెల్లచొక్కా మీద పడ్డాయి. గోవిందన్న ఉలిక్కిపడి తన నీళ్లు తాను మింగేశాడు. "ఇది గోవిందన్న గుటక!" అని రాజశేఖర్ అరిచాడు.

ఈల మోగింది. నవ్య ఫారం తెచ్చింది. మల్లేశ్వరి పేరు మీద ఎర్ర గీత ఉంది, పక్కన 'ఇష్టం లేదు' అని రాసి ఉంది. ఆ కింద ఖాళీలో మల్లేశ్వరి తన పేరు తానే రాసింది. అక్షరాలు ఫాల్ కుట్టినట్టు వరసగా వచ్చాయి. "ఆట అయిపోయిందత్తా, ఇంక మాట్లాడొచ్చు," అని రాజశేఖర్ అన్నాడు. హనుమంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది గానీ ఏమీ అనలేదు.

సాయంత్రం హొళగుంద బస్సు కిక్కిరిసి ఉంది. పొద్దున వచ్చిన కండక్టరే. మనిషిని గుర్తుపట్టి, ఇక గంటన్నర ఈమె కథ వినాలి కాబోలని ముందే మొహం మాడ్చుకుని, "ఏమ్మా, పాప యాడ దిగుతాది?" అని హనుమంతమ్మను అడిగాడు.

హనుమంతమ్మ నోరు తెరవబోయింది. మూసేసింది. రెండు బుగ్గలూ పొంగించి, వేలితో కూతురిని చూపించింది.

కండక్టరు మల్లేశ్వరి వైపు తిరిగాడు. వెనక ఎవరో "బిర్రున కానీయప్పా" అని గొణిగారు. మల్లేశ్వరి ముందుగా తన పక్క కిటికీ అద్దం మూసింది. జుట్టు సర్దుకుంది.

"హొ...ళగుంద. రెండు."

మిషన్‌లోంచి రెండు టికెట్లు వచ్చాయి. కండక్టరు వాటిని చింపి ఇస్తూ, ఇంకా బుగ్గలు దించని హనుమంతమ్మను ఎగాదిగా చూశాడు.

"మీయమ్మకు ఏమైందిమ్మా? పంటి నొప్పా?"

"కాదన్నా," అంది మల్లేశ్వరి. మిగతాది రావడానికి కాస్త సమయం పట్టింది. కండక్టరు ఆగాడు. హనుమంతమ్మ కూడా ఆగింది.

"మాయమ్మ... ఆట... ఆడతాంది."