శివప్రసాద్ కత్తిరించిన పోగులు

ధర్మవరంలో మా గుమ్మం ముందు శివప్రసాద్ కారు ఆగిందో లేదో ఆ మాట వినిపించింది.

"ఇదేం రోడ్డబ్బా? యూజ్‌లెస్!"

అతను మాకు పట్టు ఇచ్చే హిందూపురం సావుకారు కొడుకు. ఎంబీయే చదివొచ్చిన రెండు నెలల్లోనే మా వీధీ, మా లైటూ, మా నాయన మార్కండేయులూ అతనికి యూజ్‌లెస్ అయిపోయారు. మగ్గం సావుకారుది. ఇరవై ఏళ్లుగా నేసేది నాయన. ఈ నెలాఖరుకు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానని శివప్రసాద్ కిందటిసారే చెప్పిపోయాడు.

ఆ రోజే నాయన నన్నడిగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే, పెనుకొండ బడిలో ఇంగ్లీషు చెప్పేదీ నేనే.

"ఆ మాటకు అర్థమేంది పాపా?"

"యూజ్ అంటే వాడుక. లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లెస్ ఇంగ్లీషువాళ్ల పాత మాట. తక్కువ అని కాదు నాయనా, బొత్తిగా లేదని."

"అంటే కొంచెం గూడా పనికిరాననా?"

అబద్ధం చెప్పడం చేతకాలేదు. "కొంచెం గూడా" అన్నాను. నాయన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఈసారి శివప్రసాద్ వచ్చేసరికి నేత ముగిసిన చీరను మగ్గం మీంచి కోసేశాం. పాత వార్పు కొసలు మాత్రం, జానెడు నిలువు పోగులు, దువ్వెనలాంటి పన్నె సందుల్లో వేలాడుతున్నాయి. నాయన అతనికి కాఫీ తేవడానికి పోయాడు.

"ఫొటో తీయాల. ఈ పీచంతా ఏంది? యూజ్‌లెస్."

"అవి తీయొద్దు సార్, కొత్త వార్పుకు కావాల."

"ఇంగ్లీషు టీచరమ్మ మగ్గం గురించి చెప్తాందే!"

కత్తెర తీసుకొని కోసి, లాగి పారేశాడు. ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో మగ్గం నిజంగానే శుభ్రంగా ఉంది, గుండు చేయించుకున్న తలలా.

వార్పు అతికే దస్తగిరమ్మ, పోగులు మెలేసేటప్పుడు వేళ్లకు రాసుకునే బూడిద పొట్లంతో లోపలికొచ్చి నిలబడిపోయింది.

"కొసలేవి? దేనికి అతకాలప్పా, నీ మీసానికా?"

పాత కొసకు కొత్త పోగును మెలేసి అతికితే ఒక్క రోజు పని. కొసలు లేకుంటే నాలుగు వేల పోగులూ ఒక్కొక్కటిగా సందుల్లోకి ఎక్కించాలి. ఇద్దరు కూర్చుంటే నాలుగు రోజులు. నేత ఎనిమిది రోజులు. ఈ మగ్గం మీద నేసిస్తానని శివప్రసాద్ ఒప్పుకున్న బెంగళూరు పెళ్లిచీరకు గడువు పన్నెండు రోజులు.

శివప్రసాద్ ముగ్గురు నేతగాళ్లకు ఫోన్ చేశాడు. కోసిందెవరని అడిగి ముగ్గురూ నవ్వి, మావల్ల కాదన్నారు. చివరికి కాఫీ పట్టుకొని నిలబడిన నాయన వైపు తిరిగాడు.

"నువ్వే చెయ్యాల మార్కండేయులూ."

"యూజ్‌లెస్ మనిషితో యాడవుతాదప్పా? మీ నాయనకు ఫోన్ చెయ్యి. మగ్గం నా కాడే ఉంటాదని ఆయన నోటితో చెప్పించు."

పెద్ద సావుకారు స్పీకర్లో కొడుకును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మగ్గం నాయన దగ్గరే ఉంటుందన్నాడు.

పోగులు అందించడానికి నేను మగ్గం వెనక కూర్చున్నాను.

"నువ్వు లెయ్ పాపా, బడికి పో. అప్పా, నువ్వు రా. ఈడ కూసో."

ఎంబీయే నేల మీద కూర్చున్నాడు. మొదటి పోగు అందించాడు.

"అది కాదు" అన్నాడు నాయన. "దాని పక్కది."