నాలుగో కెమెరా మీద గుడ్డ

ఇరవై ఆరేళ్లు లోకల్ రైలు చివరి పెట్టెలో నిలబడి, తలుపులు చూసి, ఈల వేసి బండి కదిలించిన గార్డు ఆయన. అందరికీ ఈల మామ. కిందటేడు పైవాళ్లకు తెలివి పెరిగింది. ప్లాట్‌ఫారం పొడవునా ఆరు కెమెరాలు బిగించి, డ్రైవరు ముందు ఆరు తెరలు పెట్టి, ఇక గార్డు అక్కర్లేదన్నారు. ఈల, జెండా తీసేసుకున్నారు. ఉద్యోగం మాత్రం ఉంచారు, అదీ వాళ్ల దయ. కర్రకు గుడ్డ చుట్టి చేతికిచ్చి, ఆ కెమెరాల అద్దాలే తుడవమన్నారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

కూతురి చదువు ఇంకా రెండేళ్లుంది కాబట్టి నోరు మూసుకుని తుడిచాడు. కానీ సాయంత్రం ఐదు దాటితే ఎండ నేరుగా నాలుగో కెమెరాలో పడుతుంది. డ్రైవరు తెర మీద అక్కడి తలుపులు తెల్లటి వెలుగులో కలిసిపోతాయి. ఈ సంగతి మూడుసార్లు రాసిచ్చాడు. "అద్దం శుభ్రంగా తుడవండి" అని మూడుసార్లూ జవాబొచ్చింది. ఆడలేక మద్దెల ఓడంటే ఎవరికి ఒళ్లు మండదు?

ఆ రోజు ఐదుంపావు బండి తలుపులు మూసుకున్నాయి. సరిగ్గా ఆ కెమెరా కిందే, దిగిన ముసలావిడ సంచి లోపలే ఉండిపోయింది. దాని పట్టీ ఆవిడ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. సన్నటి పట్టీ, తలుపులకు అది అడ్డే కాలేదు. మామ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. ఈల లేదు. డ్రైవరేమో నాలుగు పెట్టెల ముందు, అద్దాలు బిగించిన గదిలో ఉన్నాడు.

తెర నల్లబడితే బండి కదపకూడదని నియమం. తెల్లబడితే ఏం చేయాలో రాయాలని ఏ మహానుభావుడికీ తోచలేదు. మామ కర్ర ఎత్తి, గుడ్డను కెమెరా మీద అదిమి పట్టాడు.

కుర్ర డ్రైవరు దిగి వచ్చేదాకా గుడ్డ తీయలేదు. కుర్రాడు ఆవిణ్ని చూసి వెనక్కి పరుగెత్తి తలుపులు తెరిచాడు.

"నా తెర మీద ఎవరూ లేరు మామా," అన్నాడు తర్వాత.

"తెలుసురా. నీ తప్పేం లేదు."

వారానికి నోటీసు వచ్చింది. కావాలని కెమెరాకు అడ్డుపెట్టి బండిని నాలుగు నిమిషాలు ఆపినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమన్నారు. ఆవిడ ప్రాణం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

విచారణలో మామ డ్రైవరు సంగతి ఎత్తాడు. "దిగొచ్చి చూస్తే ఆవిడ అక్కడే ఉందని అతను రాసిచ్చాడు కదండీ."

"అలా ఎవరైనా రాసిస్తారు. మాకు రికార్డే సాక్ష్యం," అంటూ అధికారి కంప్యూటరు ఇటు తిప్పాడు. "గుడ్డ పడక ముందుది ఇది. తలుపు దగ్గర ఎవరున్నారో చూపించండి."

మామ కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూశాడు.

"ఎవరూ లేరండి."

"మరి ఎందుకు మూశారు?"

"అందుకే మూశానండి. ఆవిడ అక్కడే ఉంది."