సెల్లారు నూనె

స్కిడ్డర్ రొద ఆగిపోయినప్పుడు నేను వంటింట్లో ప్లోయ్‌లు, అంటే మా వైపు పల్చటి అట్లు, కాలుస్తున్నాను. నరికిన దుంగల్ని అడవిలోంచి లాక్కొచ్చే బండి అది. మా ఆయన ఆల్సీడ్ దాన్ని నడుపుతున్నంతసేపూ ఆ రొద కిటికీలోంచి వినబడుతూనే ఉంటుంది. దుంగకు గొలుసు తగిలించడానికి దిగినా ఇంజను ఆపడు, తిండికి కూర్చున్నా ఆపడు. చలికాలంలో మా వైపు ఎవరూ ఆపరు. ఆ రోజు మాత్రం దాని గొంతు ముందు సన్నబడింది, ఒకసారి పెద్దగా రంకె వేసింది, రెండు మూడు దగ్గులు దగ్గి ఊరుకుంది. తాళం తిప్పి ఆపిన ఇంజను అలా చావదు.

నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. గుమ్మం పక్క థర్మామీటరు సున్నాకు ముప్పై దిగువన ఉంది. పెనం మీద అట్టు మాడి కంపు కొట్టేదాకా చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. చప్పుడు మళ్లీ రాలేదు.

ఏం జరిగిందో నాకు తెలుసు. పొద్దున్నే ఆ ముచ్చట కళ్లారా చూశాను. మంచు తుపాను వల్ల దారి మూసుకుపోయి ఆయిలు లారీ రాలేదు. పెరట్లో బండ్ల కోసం పెట్టుకున్న డీజిల్ ట్యాంకు ఖాళీ. ఇంట్లో ఇంకో రోజు కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆల్సీడ్ సెల్లార్‌లోకి దిగాడు. అక్కడ ఇల్లు వేడిచేసే ఫర్నేసు పక్కన ఆగస్టులో నింపించిన ట్యాంకు ఉంటుంది. చేతి పంపు పెట్టి డబ్బాలు డబ్బాలుగా తోడి పైకి మోశాడు. ఇంటి ఆయిలు కూడా చూడ్డానికి మేం బండ్లకు పోసే రంగు కలిపిన డీజిల్ లాగే ఎర్రగా ఉంటుంది.

వద్దన్నాను. నా మాట ఆయన చెవికి ఎక్కిందెప్పుడు గనక?

ఈ గొడవ మా ఇంట్లో కొత్తది కాదు. ఆయిలు లారీ నడిపేవాడు నా తమ్ముడే, క్లోవిస్. వచ్చిన ప్రతిసారీ గొట్టం భుజాన వేసుకుని, "ఇంటికా బావా, బండికా?" అని అడుగుతాడు. "ఎందులో పోస్తే ఏంట్రా? రెండూ ఒక తల్లి పిల్లలే" అని ఈయన జవాబు. బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో సెల్లారు నూనెతోనే ట్రాక్టరు నడుపుతాడు. ఏ ఇబ్బందీ రాదు. రాదని క్లోవిస్ కూడా ఒప్పుకుంటాడు. వాడి పేచీ అంతా చలికాలం గురించే.

"బండికి పోసే దాంట్లో శీతాకాలం కిరసనాయిలు కలుపుతాం బావా. సెల్లార్లోది వెచ్చగా కూర్చుని తినే నూనె. బయటికి లాగితే నీలాగే మొండికేస్తుంది" అన్నాడు ఒకసారి భోజనాల దగ్గర. గడ్డకట్టాక కిరసనాయిలు పోయడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, వేడిగా ఉండగానే కలపాలి అని కూడా అన్నాడు. అంతా నవ్వాం. అందరికన్నా గట్టిగా ఆల్సీడే నవ్వాడు.

మధ్యాహ్నం దాటుతోంది. మా లోయలో జనవరి సూర్యుడు కాఫీ చల్లారేలోపే దిగిపోతాడు. ఆల్సీడ్ ఉన్నది చిత్తడి అవతల దేవదారు తోపులో, ఆ మంచులో నడిచి వచ్చే దూరం కాదు. సెల్‌ఫోన్లు అక్కడ పలకవు. ఇంజను ఆగితే బండిలో వేడి ఉండదు. ఇక చెప్పడానికేముంది, మనిషి గడ్డకట్టి చచ్చిపోతాడు. ఆ మాట బయటికే అన్నాను, ఒంటరిగా, పొయ్యి ముందు నిలబడి.

క్లోవిస్‌కు ఫోను చేశాను. దారి శుభ్రం చేసే బండి వెనకాలే వస్తున్నానని, వంతెన దగ్గర ఉన్నానని అన్నాడు. "ఒంటరిగా పోకక్కా" అని బతిమాలాడు. చీకటి పడేలోగా వస్తావా అంటే దారిలో మంచు ఎంతుందో చెప్పసాగాడు. పెట్టేశాను.

షెడ్డులోకి పరిగెత్తి ట్రాక్టరు చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. దాని పక్కన ఖాళీ డబ్బా పడి ఉంది. మహానుభావుడు పొద్దున దీనికీ సెల్లారు నూనే పోశాడు. వెళ్లి తెచ్చే బండి కూడా అదే నీళ్లు తాగింది. షెడ్డులో హీటరు ఉంది కాబట్టి నూనె ఇంకా పల్చగానే ఉంది. తలుపు తీసి బయటికి పోతే ఎంతసేపు అలా ఉంటుందో దేవుడికే తెలియాలి.

ఆ హీటరే నన్ను కాపాడింది. దానికి పోసే కిరసనాయిలు డబ్బా మూల ఉంది. మూత ఊడదీసి, కొలతా గిలతా చూడకుండా మొత్తం ట్రాక్టరు ట్యాంకులో ఒంపాను. సగం నా బూట్ల మీద పోయింది. ఇంజను స్టార్టయ్యాక దిగి ఒకసారి చక్రాన్ని తట్టాను. ఎందుకు తట్టానో నాకు తెలియదు, మొక్కుకోవడం లాంటిదే అనుకోండి.

స్కిడ్డర్ పోయిన జాడలోనే పోనిచ్చాను. చిత్తడి మధ్యకు వచ్చేసరికి ఇంజను గొంతు సన్నబడింది. ఇందాక కిటికీలోంచి విన్న సన్నదనమే. దిగి వెనక్కి నడిచినా ఇల్లు చేరను, ముందుకు నడిచినా ఆయన్ని చేరను. "ఆగకే తల్లీ, ఆగకు" అంటూ దానికి దండం పెట్టాను. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. కిరసనాయిలు అప్పటికి గొట్టాల్లోకి చేరిందేమో, కాసేపటికి గొంతు సవరించుకుని మామూలుగా పలికింది.

స్కిడ్డర్ తలుపు తెరిచి ఉంది. లోపల మనిషి లేడు.

పిలిచాను. నా గొంతు నేనే గుర్తుపట్టలేనట్టుంది. ముందు చక్రం కింద మంచు మసిబారి కనబడింది. రేకు డబ్బాలో గుడ్డలు ముట్టించి నూనె వడగట్టే ఫిల్టరుకు సెగ పెట్టినట్టున్నాడు. ఆ మంట ఆరిపోయి ఎంతసేపయిందో. విప్పదీసిన ఫిల్టరు మంచులో పడి ఉంది, దాని నిండా చల్లారిన పంది కొవ్వులా ఎర్రటి మైనం.

అవతలి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు ఆల్సీడ్. చేతులకు గ్లౌజులు లేవు. కోటు గుండీలన్నీ విప్పేసి ఉన్నాయి. నన్ను చూసి చిన్నగా నవ్వాడు.

"వచ్చావా ఒడెలీ? ఇక్కడ బాగుంది. వేడిగా ఉంది."

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. మా నాన్న అడవి పనివాడు. చలికి చచ్చేవాడికి చివర్లో చలి తెలియదని, బట్టలు విప్పుకుంటాడని చిన్నప్పుడు చెప్పేవాడు. మావాడికి వణుకు కూడా లేదు. చెంప మీద కొట్టాను. కోపం కూడా తెచ్చుకోలేదు, ఆల్సీడ్‌ను కొట్టి కోపం రాకపోవడమంటే మాటలు కాదు.

చంకల కింద చేతులు పెట్టి ఎలా లేపానో, ట్రాక్టరు క్యాబులోకి ఎలా తోశానో ఇప్పటికీ చెప్పలేను. తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను. నిద్రొస్తోందన్నాడు. నిద్రపోతే నీ బండి అమ్మేస్తానన్నాను. దారి పొడవునా ఆయన చేతులు నా స్వెట్టరు లోపల పెట్టుకుని, ఒక చేత్తో స్టీరింగు తిప్పుకుంటూ, ఇంజను చప్పుడు వింటూ వచ్చాను. చప్పుడు ఉన్నంతసేపూ వేడి ఉంటుంది. వేడి ఉన్నంతసేపూ మనిషి ఉంటాడు.

ఇంటి దీపం కనబడగానే గట్టెక్కామనుకున్నాను. ఇంజను ఆపకుండా ఆయన్ని క్యాబులోనే వదిలి తలుపు తీయడానికి పరిగెత్తాను. లోపల నా ఊపిరి నా కళ్ల ముందే పొగలా లేచింది. ఫర్నేసు చప్పుడు లేదు. సెల్లార్‌లోకి దిగి ట్యాంకు మీద కొడితే ఖంగుమంది. దాని గేజు ముల్లు పావు దగ్గర ఇరుక్కుపోయి ఏడాదయింది, ఇద్దరికీ తెలిసి కూడా బాగుచేయించలేదు. పావు ఉందనుకునే తోడి ఉంటాడు. ఇంట్లోది మొత్తం బండ్లలోకి పోసేశాడు.

కలప కొట్టి బతికే ఇల్లు, కట్టెల పొయ్యి లేదు. చిమ్నీ పగిలిందని నిరుడు తీసేశాం. కరెంటు పొయ్యి వెలిగించి తలుపు బార్లా తీశాను. ఆ వేడి వంటింటి బల్ల దాకా కూడా రాలేదు. చివరికి అంబులెన్సును పిలవమని క్లోవిస్‌కు ఫోనులో చెప్పి, దుప్పట్లన్నీ లాక్కుని, మిగిలిన కాఫీ కాచుకుని మళ్లీ ట్రాక్టరులోకే ఎక్కాను. ఆ చుట్టుపక్కల వెచ్చటి చోటు అదొక్కటే.

ఆయన్ని దుప్పట్లలో చుట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. బయట చీకటి పడింది. ఆయిలు ముల్లు కిందికి దిగుతోంది. ఇంజను కాస్త తేడాగా పలికినప్పుడల్లా ఆయన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కునేదాన్ని. ఇల్లు వేడిచేయాల్సిన నూనె మా ఇద్దరినీ ఇనప డబ్బాలో వేడి చేస్తోంది, అదీ ఎంతసేపో తెలియదు. కాసేపటికి ఆల్సీడ్ వణకడం మొదలుపెట్టాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. వణుకు చూసి సంతోషపడ్డ ఇల్లాలు లోకంలో ఇంకెవరైనా ఉంటారా? నేను మాత్రం భోరుమన్నాను.

క్లోవిస్ లారీ దీపాలు పెరట్లోకి తిరిగినప్పటికి ముల్లు అడుగుకు ఆనింది. వాడు దూకి క్యాబు తలుపు తెరిచి బావ ముఖం చూశాడు, వేళ్లు చూశాడు. అంబులెన్సు నా వెనకే వస్తోందక్కా అన్నాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచక, అలవాటుగా గొట్టం భుజానికెత్తుకున్నాడు.

"ఇంటికా బావా, బండికా?"

వేళాకోళానికి కాదు. ఏదో ఒకటి అనాలని అన్నాడంతే. ఆల్సీడ్ పెదాలు కదిలాయి.

"ఇంటికిరా," అన్నాడు. "ముందు ఇంటికి."

వాడు లారీ పంపు వేశాడు. గొట్టంలో ఆయిలు జారుతున్న చప్పుడు వినబడింది. కాసేపటికే మా కాళ్ల కింద ట్రాక్టరు రెండు మూడు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆల్సీడ్ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన వేళ్లు మడత పడలేదు. నేనే పట్టుకున్నాను.